సమస్య: “చచ్చువారలె యూరిని సాకువారు”

నిర్వాహకురాలు:
ఈ వారం పాదం ఇదీ. తట్టినప్పటి నుంచి నన్ను వదలడం లేదు. పురాణవీరులు, సరిహద్దు సైనికులు వద్దు. విషం తగిలినా, సూక్ష్మజీవి చొరబడినా మన కణాలు తమను తామే ఎందుకు కూల్చుకుంటాయో, ఆ దారిలోనే పూరించండి.

మధ్యాక్కర:
వైరసు చొరబడిన యింట వార్త తెలిసి
తనువు విడిచెను కణమంత దారి మూసి
పొరుగు కణముల బ్రతికించెఁ బుణ్యమూర్తి
చచ్చువారలె యూరిని సాకువారు

పాదరసం:
మధ్యాక్కర గారూ, ‘దారి మూసి’ అన్న రెండు మాటలకు నా నమస్కారం. వైరసు పెరగడానికి కావలసిన చోటే లేకుండా పోతుంది. కణం చిన్న చిన్న పొట్లాలుగా విడిపోయి భక్షక కణాల పాలవుతుంది, లోపలి సరుకు బయట ఒలకదు. కానీ ‘పుణ్యమూర్తి’ మింగుడుపడలేదు. కిందటి నెల తోకచుక్క పూరణలోనూ మూడో పాదంలో ఒక మహానుభావుణ్ణి తెచ్చి నిలబెట్టారు. కణం తీర్మానించుకుని చావదండీ. చూడండి:

ఆముదపు గింజ విషమున నాగిపోయె
ప్రోటినుల కూర్పు కావలి పొలిసె నంత
మృత్యుయంత్రము తనయంత మేలుకొనియె
చచ్చువారలె యూరిని సాకువారు

ఆముదపు గింజలోని రైసిన్ అనే విషం ప్రోటీన్లను కూర్చే రైబోజోములను చెడగొడుతుంది, కొత్త ప్రోటీన్ల తయారీ ఆగుతుంది. కావలిగా ఉండి చావును అదిమి ఉంచే ఎంసీఎల్-1 అనే ప్రోటీను ఎక్కువసేపు నిలిచేది కాదు, ఎప్పటికప్పుడు కొత్తది రావాలి. రాకపోతే బ్యాక్స్, బ్యాక్ అనే ప్రోటీన్లకు అడ్డు తొలగుతుంది. అవి కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా పొరకు చిల్లులు పొడుస్తాయి, అందులోని సైటోక్రోమ్ సి అనే ప్రోటీను బయటపడుతుంది, దానితో మేలుకొన్న కాస్పేజులనే కోత ఎంజైములు కణాన్ని లోపలి నుంచే కోసేస్తాయి. వచ్చిన శత్రువు ఎవరో కణం గుర్తుపట్టనక్కరలేదు. రైసిన్ అయినా, డిఫ్తీరియా విషమైనా, మన ప్రోటీన్ల తయారీని కట్టిపడేసే వైరసైనా, తయారీ ఆగడమే హెచ్చరిక. నాకు అబ్బురమనిపించింది అదే. అందుకే ‘తనయంత’ అన్నాను.

మధ్యాక్కర:
‘తనయంత’ గొప్ప మాట, ఒప్పుకుంటున్నాను. మరి ‘ప్రోటినుల’ సంగతి? ‘టీ’ దీర్ఘం కదా! గణం కోసం అక్షరాన్ని కుదించడం మీకు అలవాటవుతోంది. తోకచుక్క పూరణలో ‘టెలిస్కోపు’ను ఏం చేశారో ఇక్కడ అందరికీ గుర్తుంది. ఆ పాదం ఇలా ఉండవచ్చు:

మాంసకృత్తుల కూర్పుతో మాసె రక్ష

ఇక పుణ్యమూర్తి విషయం. పురుగులకు సోకే బాక్యులోవైరసులో పీ35 అనే జన్యువు ఉందని, అది పురుగు కణాన్ని చావనివ్వదని 1991లో తేలింది. గోమశూచి వైరసు కూడా చావును ఆపే క్రమ్‌ఎ అనే ప్రోటీనును తయారు చేసుకుంటుంది, అడినోవైరసుకు తన పద్ధతి ఉంది. ఆ చావును ఆపడానికి శత్రువు ఇంత ఏర్పాటు చేసుకున్నాడంటే, అది పొరుగువారికి మేలు చేసే చావే. చర్మకణం తన వంశాన్ని ముందుతరానికి పంపేది కాదు. అదే జన్యుసంపద ఒళ్లంతా ఉంది. ఒకటి పోయి మిగతావి నిలిస్తే ఆ సంపదకు లాభమే. ఆ లాభానికే నేను పుణ్యం అని పేరు పెట్టాను. మార్చను.

వరిగొలుసు:
మీ ఇద్దరి తగవు తెగేలోపు పొలం వైపు రండి.

అగ్గితెగులున్న వరిచేల నాకుమీద
చిన్ని గోధుమ మచ్చయె సీమ యయ్యె
చుట్టు కణములు మడియంగఁ జొరదు బూజు
చచ్చువారలె యూరిని సాకువారు

తట్టుకునే రకంలో సూదిమొనంత గోధుమరంగు చుక్కలే మిగులుతాయి. లొంగిపోయే రకంలో నడుమ బూడిదరంగుతో కండె ఆకారపు మచ్చలు సాగుతాయి. మా పొలంలో రెండూ పక్కపక్కనే చూశాను. చుక్క చిన్నదైతే రైతు ఊపిరి పీల్చుకుంటాడు.

పాదరసం:
‘సీమ యయ్యె’కు జోహార్లు! ఈ వారం నాకు నచ్చిన పాదం అదే. అయితే ‘జొరదు బూజు’ అని అన్ని బూజులకూ కలిపి చెప్పలేం. బొట్రైటిస్ అనే బూజు చచ్చిన కణజాలాన్నే తిని బతుకుతుంది. మొక్క కణాలు చస్తే దానికి విందు. అమెరికాలో 1940ల్లో విక్టోరియా అనే రకం ఓట్స్ ధాన్యపు పంట అలాగే పోయింది. కుంకుమ తెగులును తట్టుకునే ఆ రకంలో, ఇంకో బూజు తన విషంతో అదే మరణయంత్రాన్ని మీటి పైరును కూల్చింది.

నిర్వాహకురాలు:
పాదరసం గారి మూడో పాదంలో మృ–మే యతి చెల్లుతుందా అని ఇద్దరు విడిగా అడిగారు. చెల్లుతుంది, ఋకారానికి ఇ, ఎలతో మైత్రి ఉంది. ఆ పాదమే ఈ వారం ఉత్తమం. రెండో పాదానికి మధ్యాక్కర గారి సవరణ తీసుకోమని నా సలహా.

పాదరసం:
‘రక్ష’ కన్నా ‘కావలి’లో ప్రాణం ఉందండీ. కావలి ఉండేలా, దీర్ఘం పోకుండా ఎవరైనా చెప్పగలిగితే సంతోషంగా మారుస్తాను.

మధ్యాక్కర:
రేపు ఉదయానికి ఇస్తాను. ఈలోపు మీరు ఆ ఓట్స్ పంట కథను ఇదే సమస్యలో ఇమిడ్చి చూపండి. చచ్చినవారే ఊరిని ముంచిన చోట ఈ పాదాన్ని ఎలా నిలబెడతారో చూడాలని ఉంది.