వాగు నీటిమట్టం సెన్సర్ తెల్లవారుజామున తప్పు చూపిస్తోంది, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది గడ్చిరోలి జిల్లా, సిరొంచ దగ్గర పల్లె. ప్రాణహిత ఎగదన్నితే మా వాగు పొంగి కల్వర్టు మునుగుతుంది, బడికెళ్ళిన పిల్లలు అవతలే చిక్కుకుపోతారు. ముందే కబురు తెలియాలని కల్వర్టు కింద జేఎస్ఎన్-ఎస్ఆర్04టీ అల్ట్రాసోనిక్ సెన్సర్ (ధ్వని పంపి, ప్రతిధ్వనిని బట్టి నీళ్ళ దూరం కొలిచేది), ఈఎస్పీ32 (దాన్ని నడిపే చిన్న కంట్రోలర్ బోర్డు), లోరా మాడ్యూల్ (రీడింగ్‌ని దూరానికి పంపే రేడియో) బిగించాను. లోరా వాడే 865-867 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌కి లైసెన్స్ అక్కర్లేదు, సిమ్ రీఛార్జ్ గొడవా లేదు.

పగలంతా బాగుంటుంది. తెల్లవారేసరికి మాత్రం నీళ్ళు సెన్సర్‌ని తాకేస్తున్నట్టు రీడింగ్ ఇరవై సెంటీమీటర్ల దగ్గర నిలిచిపోతుంది. వెళ్ళి చూస్తే దాని ముఖం నిండా మంచుబొట్లు. ఉష్ణోగ్రతను బట్టి ధ్వనివేగం సవరణ కోడ్‌లో పెట్టాను, కాబట్టి తేమే కారణమని నా అనుమానం.

చుట్టూ పీవీసీ గొట్టం తొడిగితే ప్రతిధ్వనులతో ఇంకా పాడవుతుందా? నీళ్ళలో దించే ప్రెజర్ సెన్సర్ మేలా? మా వాగులో ఒండ్రు ఎక్కువ, పూడుకుపోతుందేమోనని టెన్షన్. వానాకాలం లోపు తేల్చుకోవాలి. ఇలాంటిది వాడినవాళ్ళు దయచేసి చెప్పండి.