అటకపై మానుపిల్లి పిల్లలు పెట్టింది: దారి ఎప్పుడు మూయాలి?

మా పెంకుల కప్పు కింద అటకపై ఒక మానుపిల్లి (పునుగుపిల్లి జాతికి చెందిన, చెట్లెక్కే అడవి జంతువు) చేరి 5 వారాలైంది. రాత్రి 11 గంటల ప్రాంతంలో వెళ్తుంది, తెల్లవారుజామున 4:30కి తిరిగొస్తుంది. పండ్ల గింజలతో నిండిన మలం రోజూ ఒకే మూల వేస్తోంది, దాని తడి కింది గది పైకప్పులోకి దిగుతోంది.

మూడు రాత్రులు దీపం వెలిగించి ఉంచాను, రేడియో మోగించాను. లాభం లేదు. కలరా ఉండలు వేస్తే ఆ ఘాటు మాకే తగిలింది, తీసేశాను. కప్పును తాకే కొమ్మ నరికిస్తే ఇప్పుడు నీళ్ల గొట్టం పట్టుకుని ఎక్కుతోంది.

పది రోజుల క్రితం అది బయటికి వెళ్లాక 12 సెంటీమీటర్ల కంతకు ఇనుప వల బిగించాను. కాసేపటికే లోపల సన్నటి అరుపులు వినిపించాయి. పిల్లలున్నాయని అప్పుడే తెలిసింది! వెంటనే వల విప్పేశాను. ఆ అరుపులు ఇంకా నా చెవుల్లోనే ఉన్నాయి.

బోనులో పట్టించి దూరంగా వదిలితే పిల్లలు ఆకలితో చస్తాయి. కంత అలాగే ఉంటే మరొకటి వస్తుంది. అందుకే లోపలినుంచి బయటికి మాత్రమే తెరుచుకునే చిన్న తలుపు సిద్ధం చేసుకున్నాను. పిల్లలన్నీ తల్లి వెంట బయటికి వెళ్తున్నాయని ఏ గుర్తును బట్టి నిర్ధారించుకుని దాన్ని బిగించాలి?