లిడ్‌స్ట్రామ్ ఎవరినీ గుద్దకుండా 20 సీజన్లు ఎలా ఆడాడు? డిఫెన్స్ తెలిసినవాళ్లు చెప్పండి

నోవీ_శ్రీ:
మా అబ్బాయి ఇక్కడ మిషిగన్‌లో 12 ఏళ్ల లోపు ఐస్ హాకీ జట్టులో ఎడమ డిఫెన్స్. డెట్రాయిట్ రెడ్ వింగ్స్ డిఫెన్స్‌మన్ నిక్లస్ లిడ్‌స్ట్రామ్ పాత మ్యాచ్‌లు చూడమని కోచ్ చెప్పారు. చూస్తే పెద్దగా ఏమీ జరుగుతున్నట్టు లేదు. ఎవరినీ గట్టిగా ఢీకొట్టడు, హడావిడి పడడు. మరి ఏటా అత్యుత్తమ డిఫెన్స్‌మన్‌కి ఎన్‌హెచ్‌ఎల్ లీగు ఇచ్చే నారిస్ ట్రోఫీలు ఏడు దేనికి ఇచ్చారు? అబ్బాయికి అందులో ఏం చూపించాలి?

రెండోజత:
శ్రీ గారూ, ముందు మనిషి సంగతి. స్వీడన్‌లో వెస్టెరోస్ క్లబ్‌కి ఆడుతుండగా 1989 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కుర్ర ఆటగాళ్లను ఎంచుకునే చోట) డెట్రాయిట్ 53వ పేరుగా తీసుకుంది. అదే డ్రాఫ్ట్‌లో 74వ స్థానంలో ఫెదరోవ్‌ని, 221లో కాన్‌స్టంటినోవ్‌ని పట్టారు. ఒక్క ఏడాదిలో అంత పంట ఇంకే జట్టుకీ పండలేదని నా నమ్మకం. లిడ్‌స్ట్రామ్ 1991లో వచ్చి 2012 వరకు రెడ్ వింగ్స్‌కే 1,564 మ్యాచ్‌లు ఆడాడు. 264 గోల్స్, 878 అసిస్ట్‌లు, నాలుగు స్టాన్లీ కప్పులు, అంటే లీగు టైటిళ్లు. తప్పు చేసి బయట కూర్చున్న పెనాల్టీ నిమిషాలు మాత్రం 514. లెక్క వేయండి, రెండు నిమిషాల చిన్న పెనాల్టీ ఆరు మ్యాచ్‌లకు ఒకటి.

మీ ప్రశ్నకు అసలు జవాబు 1997 స్టాన్లీ కప్ ఫైనల్‌లో ఉంది. ఫిలడెల్ఫియా తరఫున లిండ్రోస్, లెక్లేర్, రెన్‌బర్గ్ లైన్, అంటే కలిసి దిగే దాడి ఆటగాళ్ల త్రయం. ముగ్గురూ భారీ మనుషులు. వాళ్ల మీదికి గుద్దే కాన్‌స్టంటినోవ్‌ని పంపుతారని అందరూ అనుకుంటే, కోచ్ స్కాటీ బౌమన్ లిడ్‌స్ట్రామ్, లారీ మర్ఫీ జతని పంపాడు. బలానికి బలం పెడితే గోడల దగ్గర కుస్తీ అవుతుంది, అది లిండ్రోస్‌కే లాభం. ఈ జత పక్‌ని (ఆడే రబ్బరు బిళ్లని) ముందే అందుకుని రెండో క్షణంలో బయటికి పంపేసేది. ఆ లైన్‌కి డెట్రాయిట్ జోన్‌లో (గోల్ ఉన్న వైపు భాగంలో) నిలదొక్కుకునే సమయమే దొరకలేదు. డెట్రాయిట్ 4-0తో గెలిచింది. లిండ్రోస్‌కి సిరీస్ మొత్తంలో ఒకే గోల్, అదీ ఆఖరి మ్యాచ్ ముగియడానికి కొన్ని సెకన్ల ముందు.

మొదటి నారిస్ వచ్చేసరికి అతనికి 31 ఏళ్లు. అంతకు ముందు వరసగా మూడేళ్లు రెండో స్థానమే. డిఫెన్స్ ఆట ఆలస్యంగా పండుతుంది, తొందరపడకండి.

నీలిగీత:
12 ఏళ్ల లోపు లీగుల్లో బాడీ చెకింగ్ (ఒంటితో ఢీకొట్టడం) ఎలాగూ నిషేధం, అమెరికాలో 14 ఏళ్ల లోపు వర్గం నుంచే మొదలవుతుంది. కాబట్టి ఇప్పుడు నేర్పాల్సింది సరిగ్గా లిడ్‌స్ట్రామ్ విద్యే. వీడియోలో పక్‌ని చూడొద్దు, ఇతని స్కేట్లు, స్టిక్ చూడమనండి.

ఎదుటి ఆటగాడు పక్‌తో వస్తున్నప్పుడు ఇద్దరి మధ్య ఎడం, కోచ్‌లు గ్యాప్ అనేది, రింక్ మధ్యలో సుమారు రెండు స్టిక్‌ల పొడవు. మన జోన్ మొదలయ్యే బ్లూలైన్ దగ్గరికి వచ్చేసరికి ఒకటి. ఎడం ఎక్కువైతే వాడు తీరిగ్గా జోన్‌లోకి వచ్చి షాట్ కొడతాడు. మరీ తగ్గితే వేగంతో పక్కనుంచి దాటిపోతాడు. వెనక్కి స్కేట్ చేస్తూ ఎదురువాడి లోపలి భుజానికి ఎదురుగా ఉండాలి. అప్పుడు వాడికి మిగిలే దారి బోర్డుల (రింక్ అంచు గోడల) వైపే. ఆపడం కాదు, తోవ చూపించడం. లిడ్‌స్ట్రామ్ చేసేదంతా ఇదే, అందుకే ఏమీ జరగనట్టు కనిపిస్తుంది.

నోవీ_శ్రీ:
థాంక్యూ అండీ. మావాడు స్టిక్ చాచి పక్ కొట్టబోతాడు, అది తప్పితే ఎదుటివాడు దాటేస్తాడు. ఇది ఎక్కడ పొరపాటు?

నీలిగీత:
చేయి ముందే పూర్తిగా చాచేయడం. చేయి చాపగానే బరువు ముందుకు పడుతుంది, కాళ్లు ఆగిపోతాయి, మళ్లీ తిరగడానికి ఆలస్యం. స్టిక్ ఒక చేతిలో ఉండాలి, మోచేయి వంగి పక్కటెముకకు దగ్గరగా. బ్లేడ్ మంచు మీదే. అప్పుడు ఇంకో రెండడుగులు అందే దూరం దాచిపెట్టినట్టు, ఎదుటివాడికి నిజమైన ఎడం తెలియదు. కళ్లు వాడి ఛాతీ మీద. పక్ అబద్ధం చెబుతుంది, ఛాతీ చెప్పదు. పక్ వాడి శరీరానికి దూరంగా జరిగిన క్షణంలోనే దాన్ని స్టిక్‌తో పొడవాలి, తగలకపోతే వెంటనే చేయి వెనక్కి.

సాధనకి: స్టిక్ లేకుండా, చేతులు వెనక్కి కట్టుకుని, ఎదురుగా వచ్చేవాణ్ణి కాళ్లతోనే బోర్డుల వైపు నెట్టడం. ఐదు నిమిషాలు చాలు. స్టిక్ మీద ఆధారపడే అలవాటు అక్కడే బయటపడుతుంది.

పాయింట్_షాట్:
పైవాళ్లు రక్షణే చెప్పారు. ఇతను గోల్స్, అసిస్ట్‌లు కలిపి 1,142 పాయింట్ల మనిషి కూడా. పవర్ ప్లేలో, అంటే పెనాల్టీ వల్ల ఎదుటి జట్టుకి ఒకడు తక్కువైనప్పుడు, ఇతని షాట్ చూపించండి. పక్ అందగానే బాదడు. ఒకట్రెండు అడుగులు పక్కకి జరుగుతాడు, అడ్డొచ్చినవాడి కాళ్లు దాటాక, నెట్ ముందున్న సహచరుడు హోమ్‌స్ట్రామ్ స్టిక్‌కి అందేలా కిందుగా కొడతాడు. పిల్లలు భుజం ఎత్తున బలంగా బాది, అడ్డంగా ఉన్నవాడి మోకాలికి తగిలించి ఎదురుదాడి కొనితెచ్చుకుంటారు. డిఫెన్స్‌మన్ షాట్‌కి మొదటి పరీక్ష వేగం కాదు, నెట్ దాకా చేరడం. 2002 ప్లేఆఫ్స్‌లో వాంకూవర్‌తో సిరీస్ మూడో మ్యాచ్‌లో రెండో పీరియడ్ చివర సెంటర్ లైన్ దగ్గర్నుంచే కొట్టింది గోల్ అయింది. అప్పటికి సిరీస్‌లో 0-2 వెనకబడ్డ డెట్రాయిట్ ఆ మ్యాచ్ నుంచి వరసగా నాలుగు గెలిచింది.

రెండోజత:
ఇంకొకటి మర్చిపోయాను. మన గోడ దగ్గర పక్ తీసుకోవడానికి వెళ్లేటప్పుడు, దాన్ని తాకే లోపు లిడ్‌స్ట్రామ్ రెండుసార్లు భుజం మీదుగా వెనక్కి చూస్తాడు. ఎవరు ఎటునుంచి వస్తున్నారో ముందే తెలుసు కాబట్టి పెద్దగా దెబ్బలు తినలేదు. 41 ఏళ్ల వయసులో ఆఖరి సీజన్‌లోనూ 70 మ్యాచ్‌లు ఆడగలిగాడు. మీవాడికి ఇంట్లో గోడకి బంతి వేసి, అది తిరిగొచ్చేలోపు మీరు వెనక వేళ్లు చూపించి ఎన్నో చెప్పమనండి.