రెటీనా ఓసీటీ యంత్రంతో కంటి కోణాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రశ్న: ఆప్టోమెట్రిస్టు, ఒంగోలు

అందరికీ నమస్కారం. మేము పనిచేసే కంటి క్లినిక్‌లో రెటీనా (కంటి వెనుక పొర) పరీక్షల కోసం కొన్న ఓసీటీ యంత్రం, అంటే కాంతితో కంటి పొరల అడ్డకోత చిత్రాలు తీసే యంత్రం, ఒకటి ఉంది. అది 840 నానోమీటర్ల కాంతితో పనిచేసే స్పెక్ట్రల్ డొమైన్ రకం (తిరిగి వచ్చిన కాంతిని తరంగదైర్ఘ్యాలుగా విడదీసి చదివేది). కంటి ముందు భాగాన్ని చూడడానికి దానితోపాటు ఒక అదనపు లెన్సు కూడా ఇచ్చారు. ఆ లెన్సు తగిలించి తీస్తే కార్నియా (కంటి ముందరి పారదర్శక పొర) పొరలు ఎంతో స్పష్టంగా వస్తున్నాయి. దాని పైపొర ఎపిథీలియం ఎక్కడ ముగిసి, కింది మందమైన పొర స్ట్రోమా ఎక్కడ మొదలవుతుందో కూడా చూపించగలుగుతున్నాము. అయితే కార్నియా, ఐరిస్ (కనుపాప చుట్టూ ఉండే రంగు పొర) కలిసే కోణం, అంటే కంటిలోని ద్రవం బయటికి పోయే చోటు, దగ్గరికి వచ్చేసరికి చిత్రం మసకబారుతోంది. కోణాన్ని కొలవడానికి ఆధారమైన స్క్లీరల్ స్పర్ (కోణంలో స్క్లీరా, అంటే కంటి తెల్లగుడ్డు, లోపలికి పొడుచుకొచ్చే చిన్న అంచు) కొందరిలో చక్కగా కనిపిస్తుంది, మరికొందరిలో ఎంత వెతికినా దొరకదు.

గ్లాకోమా, అంటే నీటికాసులు, అనుమానం ఉన్నవారికి మా డాక్టరు గారు స్వయంగా గోనియోస్కోపీ (కంటి మీద ప్రత్యేక లెన్సు ఆనించి కోణాన్ని నేరుగా చూసే పరీక్ష) చేస్తారు. రోగుల తాకిడి ఎక్కువగా ఉన్న రోజుల్లో ఆ పరీక్షకు సమయం చాలడం లేదు. అందుచేత ముందుగా ఓసీటీ తీసి, కోణం వెడల్పుగా కనిపించినవారిని గోనియోస్కోపీ లేకుండానే పంపించవచ్చా అన్న ఆలోచన వచ్చింది. కోణం మసకగా రావడానికి కారణం నేను తీసే పద్ధతా, యంత్రమా? పెద్ద ఆసుపత్రుల్లో వాడే 1310 నానోమీటర్ల యంత్రాలతో నిజంగా అంత తేడా ఉంటుందా? అటువంటి యంత్రం ఉన్నచోట గోనియోస్కోపీ అవసరం తప్పుతుందా? అనుభవం ఉన్నవారు వివరించగలరు.

జవాబు: ఆప్టికల్ పరికరాల ఇంజినీరు, హైదరాబాదు

మీ పద్ధతిలో పెద్ద లోపం ఉన్నట్టు నాకు అనిపించడం లేదండి. అసలు కారణం కాంతి తరంగదైర్ఘ్యం. కార్నియా పారదర్శకమైనది కాబట్టి 840 నానోమీటర్ల కాంతి అందులో సునాయాసంగా సాగిపోతుంది. కోణం మాత్రం లింబస్ (కార్నియా, స్క్లీరా కలిసే గీత) వెనుక, స్క్లీరా అంచు కింద దాగి ఉంటుంది. స్క్లీరా తెల్లగా కనిపించడానికి కారణమే అది తన మీద పడిన కాంతిని అన్ని దిక్కులకూ చెదరగొట్టడం. తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ ఆ చెదరడం తగ్గుతుంది కనుక, 1310 నానోమీటర్ల కాంతి స్క్లీరాను దాటి కోణం మూల వరకు వెళ్లి, కొలవదగినంత బలంతో వెనక్కి రాగలుగుతుంది.

రెండవ లాభం నీటి వల్ల కలుగుతుంది. 1310 నానోమీటర్ల కాంతిని నీరు బాగా పీల్చుకుంటుంది. అందువల్ల కంట్లోకి వెళ్లిన కాంతిలో అధికభాగం విట్రియస్‌లోనే (కంటిగుడ్డును నింపే జిగురు పదార్థం) ఆగిపోయి, రెటీనాను చేరేది స్వల్పమే. రెటీనాను చూడదలచినవారికి అది అడ్డంకి, ముందు భాగాన్ని చూసేవారికి అదే సదుపాయం. 830 నానోమీటర్ల దగ్గర కంటిలోకి సుమారు 0.7 మిల్లీవాట్ల కాంతిని మాత్రమే పంపనిచ్చే భద్రతా ప్రమాణాలు, 1310 దగ్గర దాదాపు 15 మిల్లీవాట్ల వరకు అనుమతిస్తాయి. అంత కాంతి చేతిలో ఉంటే, కన్ను కదిలే లోపే వేగంగా స్కాన్ చేసినా సిగ్నల్ పలచబడదు.

ఓసీటీని 1991లో అమెరికాలోని ఎంఐటీ బృందం ప్రకటించగా, 1994లో మొదటిసారి కంటి ముందు భాగాన్ని దానితో చిత్రించినప్పుడు వాడింది కూడా 830 నానోమీటర్ల కాంతినే. 1310కి మారడం ఆ తరువాత జరిగింది. 2005లో అమెరికా ఎఫ్‌డీఏ (మందులు, వైద్య పరికరాలకు అనుమతినిచ్చే సంస్థ) అనుమతి పొందిన విసాంటె యంత్రం సెకనుకు 2,000 ఏ-స్కాన్లు (ఒక్కో చోట లోతు దిశలో తీసే గీతలు) తీసేది. తరువాత వచ్చిన స్వెప్ట్ సోర్స్ (కాంతి తరంగదైర్ఘ్యాన్ని వేగంగా మారుస్తూ పనిచేసే) యంత్రం కేసియా 30,000, దాని వెనుక వచ్చిన కేసియా2 50,000 తీస్తాయి. కేసియా2 లోతు 13 మిల్లీమీటర్లు కాబట్టి కార్నియా ముందు అంచు నుంచి కంటి లెన్సు వెనుక అంచు వరకు ఒకే చిత్రంలో పడతాయి. రెటీనా కోసం చేసిన యంత్రాల స్కాన్ లోతు సాధారణంగా రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు. అందుకే మీరు కోణాన్ని ముక్కలుగా తీయవలసి వస్తోంది.

అంతమాత్రాన మీ యంత్రాన్ని తక్కువగా చూడనవసరం లేదు. లోతు దిశలో సూక్ష్మత తరంగదైర్ఘ్యపు వర్గం మీద ఆధారపడుతుంది. అదే బ్యాండ్‌విడ్త్ (కాంతిలోని తరంగదైర్ఘ్యాల విస్తృతి) ఉన్నప్పుడు 840 నుంచి 1310కి వెళితే సూక్ష్మత దాదాపు రెండున్నర రెట్లు దిగజారుతుంది. మీ రకం యంత్రాలు 5 మైక్రాన్ల తేడాను పట్టుకోగలవు, విసాంటె 18 మైక్రాన్ల దగ్గర ఆగిపోయేది. సుమారు 50 మైక్రాన్ల మందం ఉండే ఎపిథీలియాన్ని కొలవడానికి, కెరటోకోనస్‌లో (కార్నియా పలచబడి శంఖంలా ముందుకు ఉబ్బే వ్యాధి) ఉబ్బెత్తు శిఖరం మీద ఆ పొర పలచబడి చుట్టూ మందంగా మారడాన్ని గుర్తించడానికి, లేసిక్ (కళ్లద్దాలు తప్పించే లేజర్ శస్త్రచికిత్స) కోసం తెరిచిన పైపొర కింద ఎంత స్ట్రోమా మిగిలిందో తెలుసుకోవడానికి నేనైతే మీ యంత్రాన్నే కోరుకుంటాను.

ఒక్క విషయం తప్పక సరిచూసుకోండి. గాలి నుంచి కార్నియాలోకి ప్రవేశించేటప్పుడు కాంతి వంగుతుంది కాబట్టి, సాఫ్ట్‌వేర్ ఆ వంపును సరిదిద్దకపోతే కోణం అసలు ఆకారంలో కనిపించదు. ముందు భాగానికి ఉద్దేశించిన మోడ్‌లో కాకుండా రెటీనా మోడ్‌లోనే తీసిన చిత్రం మీద గీతలు గీసి కొలిస్తే వచ్చే అంకెలకు విలువ ఉండదు.

జవాబు: గ్లాకోమా వైద్యురాలు, విశాఖపట్నం

పై వివరణతో ఏకీభవిస్తున్నాను. గోనియోస్కోపీ అవసరం తప్పుతుందా అన్న సందేహానికి మాత్రం నా జవాబు సూటిగానే ఉంటుంది. తప్పదు, ఎంత ఖరీదైన యంత్రం ఉన్నా తప్పదు.

కోణం వెడల్పుగా ఉందా ఇరుకుగా ఉందా అన్నది గోనియోస్కోపీలో మేము చూసే అనేక విషయాలలో ఒకటి మాత్రమే. ట్రబెక్యులర్ మెష్‌వర్క్ (కోణంలో ద్రవాన్ని వడకట్టే జల్లెడ లాంటి భాగం) మీద పేరుకున్న పిగ్మెంటు, మధుమేహం ముదిరినవారిలోనూ రెటీనా సిర మూసుకుపోయినవారిలోనూ కోణంలో పుట్టుకొచ్చే కొత్త రక్తనాళాలు, దెబ్బ తగిలిన కంటిలో కోణం చీలి వెనక్కి జరిగిన జాడలు కూడా అందులో కనిపిస్తాయి. వీటిలో మొదటి రెండూ రంగును బట్టి గుర్తించేవి. ఓసీటీ చిత్రం నలుపు తెలుపులలో వచ్చే అడ్డకోత మాత్రమే కనుక అవి అందులో తెలియవు. కోణం విశాలంగా ఉండి కూడా కంటి ఒత్తిడి ప్రమాదకరంగా పెరిగిన రోగిని, ఓసీటీ బాగుంది అని ఇంటికి పంపితే జరిగే నష్టం ఊహించండి.

కోణం మూసుకున్నట్టు కనిపించినవారి విషయంలోనూ చిక్కు ఉంది. ఐరిస్ కేవలం ఆనుకుని ఉందా, అతుక్కుపోయిందా అన్నది చికిత్సను నిర్ణయించే ప్రశ్న. గోనియో లెన్సుతో కార్నియాను మెల్లగా నొక్కితే లోపలి ద్రవం ఐరిస్‌ను వెనక్కి నెడుతుంది. ఆనుకున్న కోణం తెరుచుకుంటుంది, అతుక్కున్నది తెరుచుకోదు. కంటిని ముట్టుకోకుండా తీసే ఓసీటీ చిత్రం ఈ తేడా చెప్పలేదు.

ఓసీటీ గోనియోస్కోపీ కంటే ఎక్కువమందిలో కోణం మూసుకుందని చూపుతుందని కూడా మీరు గమనించే ఉంటారు. స్క్లీరల్ స్పర్‌కు ముందు ఐరిస్ ఎక్కడ తాకినా ఓసీటీలో అది మూసుకున్నట్టే లెక్క. గోనియోస్కోపీలో మెష్‌వర్క్ వెనుక భాగం కనిపించనప్పుడే మేము మూసుకుందని రాస్తాము. ఇక వెలుతురు సంగతి. గోనియోస్కోపీకి వాడే స్లిట్ ల్యాంప్ (కంటి పరీక్ష మైక్రోస్కోపు) వెలుగు పడగానే కనుపాప చిన్నదై కోణం కాస్త తెరుచుకుంటుంది. ఓసీటీ కాంతి పరారుణం కాబట్టి పూర్తి చీకటిలో, కనుపాప విప్పారినప్పుడు కోణం ఎలా ఉంటుందో చూడవచ్చు. ఈ ఒక్క విషయంలో ఓసీటీదే పైచేయి అని నేను ఒప్పుకుంటాను. చీకటిలో ఒక చిత్రం, వెలుతురులో ఒక చిత్రం తీసి పక్కపక్కన చూపితే, వ్యాధి ఏమిటో రోగికి అరనిమిషంలో అర్థమవుతుంది.

స్క్లీరల్ స్పర్ దొరకకపోవడం మీ ఒక్కరి సమస్య కాదు. 2008లో సింగపూర్ నుంచి వెలువడిన అధ్యయనంలో, విసాంటె యంత్రంతో తీసిన చిత్రాల్లో కూడా సుమారు 70 శాతంలోనే అది గుర్తించదగినట్టు కనిపించింది. పై భాగంలోనూ కింది భాగంలోనూ మరింత తక్కువ. స్పర్ కనిపించనప్పుడు, అక్కడి నుంచి 500 మైక్రాన్ల దూరంలో కోణం ఎంత తెరుచుకుందో చెప్పే ఏఓడీ500 అంకెను ఊహ మీద వేయకండి. ‘స్పర్ స్పష్టంగా లేదు, కొలవలేదు’ అని రిపోర్టులో రాయడమే నిజాయతీ. ఐరిస్ వెనుక ఉండే సీలియరీ బాడీ (కంటి ద్రవాన్ని తయారుచేసే భాగం) ఓసీటీలో పూర్తిగా కనిపించదు, ఎందుకంటే ఐరిస్ వెనుక పొరలోని దట్టమైన పిగ్మెంటు కాంతిని అడ్డుకుంటుంది. ప్లేటో ఐరిస్ (సీలియరీ బాడీ ముందుకు జరిగి ఐరిస్ అంచును కోణం వైపు నెట్టే స్థితి) అనుమానం వస్తే, శబ్ద తరంగాలతో చూసే అల్ట్రాసౌండ్ బయోమైక్రోస్కోపీ చేయించవలసిందే.

మన ప్రాంతానికి ఇదంతా దూరపు విషయం కాదు. ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ జరిపిన ఆంధ్రప్రదేశ్ కంటి వ్యాధుల అధ్యయనంలో, హైదరాబాదులో 40 ఏళ్లు పైబడినవారిలో 1 శాతానికి కొంచెం ఎక్కువ మందిలో కోణం మూసుకునే రకం గ్లాకోమా బయటపడింది. దానికి దాదాపు రెట్టింపు మందిలో మూసుకుపోగల ఇరుకు కోణాలు కనిపించాయి.

వ్యాఖ్య: ఒక పాఠకుడు, మచిలీపట్నం

నేను వైద్యరంగానికి చెందినవాడిని కాను. మా అమ్మగారికి 58 ఏళ్లు. కళ్లద్దాలు మార్పించడానికి వెళ్లినప్పుడు ఇలాంటి స్కానే తీసి, కోణాలు ఇరుకుగా ఉన్నాయని, లేజర్‌తో ఐరిస్‌కు చిన్న రంధ్రం వేయించుకోవాలని చెప్పారు. కంటి ఒత్తిడి, కంటి నరం మామూలుగానే ఉన్నాయట. లేజర్ వెంటనే చేయించాలా, డాక్టరు గారూ?

జవాబు: గ్లాకోమా వైద్యురాలు, విశాఖపట్నం

అమ్మగారిని చూడకుండా చేయించమనీ వద్దనీ నేను చెప్పకూడదండి. మొదట అడగవలసింది గోనియోస్కోపీ చేశారా అన్నది. చేయకపోతే చేయించండి. స్కాన్ ఒక్కదాని ఆధారంగా లేజర్ నిర్ణయం తీసుకోవడం నాకు సమ్మతం కాదు.

ఒత్తిడి, నరం మామూలుగా ఉండి కోణం మాత్రమే ఇరుకుగా ఉన్న 889 మందికి, చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒక కంటికి లేజర్ చేసి రెండవ కంటిని అలాగే వదిలి ఆరేళ్లు గమనించారు. ఫలితాలు 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. వ్యాధి ముందుకు సాగిన కళ్లు లేజర్ చేసినవాటిలో 19, చేయనివాటిలో 36. లేజర్ మేలు చేసిందన్నది నిజమే, కానీ చేయని కళ్లలోనూ ముప్పు తక్కువగానే ఉంది కనుక అందరికీ ముందుజాగ్రత్తగా చేయనవసరం లేదని ఆ పరిశోధకులు తేల్చారు. కుటుంబంలో గ్లాకోమా ఉండడం, మధుమేహం వల్ల తరచూ కనుపాప విప్పార్చే చుక్కలు వేయవలసి రావడం, అత్యవసరమైతే కంటి వైద్యుని దగ్గరికి త్వరగా చేరుకోలేని ఊళ్లో ఉండడం వంటివి ఉంటే నేను లేజర్ వైపు మొగ్గుతాను. కంటిశుక్లం కూడా మొదలై ఉంటే, ఉబ్బిన లెన్సును తీసివేయడంతోనే కోణం తెరుచుకోవచ్చు కాబట్టి ఆ మార్గం గురించి కూడా డాక్టరుగారిని అడగండి.

అమ్మగారికి ఒకటి మాత్రం గట్టిగా చెప్పి ఉంచండి. ఉన్నట్టుండి ఒక కన్ను ఎర్రబడి, విపరీతంగా నొప్పి పుట్టి, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తూ, వాంతులు కూడా అయితే అది పైత్యమని సోడా తాగి పడుకోకూడదు. ఆ రాత్రే కంటి ఆసుపత్రికి వెళ్లాలి. జలుబు మందులు, కొన్ని మానసిక వైద్య మందులు వాడేముందు కోణాలు ఇరుకుగా ఉన్నాయని ఆ వైద్యులకు చెప్పాలి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. గోనియోస్కోపీని తప్పించే ఆలోచన మానుకున్నాము. డాక్టరు గారితో మాట్లాడి, చీకటిలో తీసిన చిత్రాన్ని గోనియోస్కోపీ నివేదికకు జతచేయాలని నిర్ణయించాము. పై భాగపు కోణం తీసేటప్పుడు రెప్ప అడ్డు వస్తోంది. దానికి ఉపాయం ఏదైనా ఉందా?

జవాబు: ఆప్టికల్ పరికరాల ఇంజినీరు, హైదరాబాదు

రోగిని కిందికి చూడమని, పై రెప్పను వేలితో కనుబొమ ఎముక మీదికి ఆనించి పట్టుకోండి. వేలి బరువు కంటిగుడ్డు మీద పడితే కోణం ఆకారమే మారిపోతుంది. తీసేముందు గదిలో దీపాలు ఆర్పి, కనుపాప స్థిరపడేదాకా ఆగి తీయండి. గది చీకటిగా ఉందా వెలుతురుగా ఉందా అన్నది ప్రతి చిత్రం కింద రాసి ఉంచకపోతే వచ్చే ఏడాది తీసే చిత్రంతో పోల్చడం కుదరదు.