ఐఓటాప్‌లో ఎప్పుడూ జేబీడీ2 పేరే! అసలు రాస్తున్నది ఎవరు?

ప్రశ్న:
పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు సర్వర్ వేసి ఇంట్లో పెట్టుకున్నాను. ఫైల్ సిస్టమ్ ఎక్స్‌టీ4. ఎవరూ వాడని అర్ధరాత్రి కూడా హార్డ్ డిస్క్ టికటికమంటూనే ఉంటుంది. డిస్క్‌ని ఎవరు ఎంత వాడుతున్నారో చూపే ఐఓటాప్ పెడితే జేబీడీ2, అప్పుడప్పుడు కేవర్కర్ కనిపిస్తాయి. రెండూ కెర్నల్ (లినక్స్ మూల భాగం) సొంత త్రెడ్లే, కిల్ చేయలేను. ఏ ప్రోగ్రామో తెలిస్తే కదా, అది కెర్నల్‌ని ఏమడుగుతోందో చూడటానికి ఎస్‌ట్రేస్ పెట్టేది!

జవాబు:
ఫాట్రేస్ ఇన్‌స్టాల్ చేసి సుడోతో నడపండి. ప్రోగ్రాం పేరు, ఫైల్ పాత్ రెండూ చూపిస్తుంది. లాగ్ మాత్రం అదే డిస్క్‌లోకి పంపకండి, ఇంకో రాత మొదలవుతుంది.

జవాబు:
జేబీడీ2ని తిట్టి లాభం లేదండీ, అది గుమాస్తా. ప్రోగ్రాం రైట్ కాల్ చేస్తే డేటా ముందు ర్యామ్‌లో ఉండే పేజ్ కాష్‌లో పడుతుంది, ఆ పేజీకి డర్టీ (ఇంకా డిస్క్‌కి చేరలేదు) అని గుర్తు పడుతుంది. ప్రోగ్రాం తన దారిన పోతుంది. మామూలు సెట్టింగుల్లో 30 సెకన్లు దాటిన డర్టీ పేజీలను కేవర్కర్ డిస్క్‌కి పంపుతుంది. ఫైల్ సిస్టమ్ మార్పులను జర్నల్ అనే చిట్టాలో ఖాయం చేయడం, అంటే జర్నల్ కమిట్, జేబీడీ2 పని, దాని గడువు 5 సెకన్లు. ఎవరైనా ఎఫ్‌సింక్ (ఇప్పుడే డిస్క్‌కి చేర్చమని) అడిగితే అప్పటికప్పుడే. అందుకే డిస్క్‌కి దగ్గరగా ఉండే బ్లాక్ లేయర్ దగ్గర కాపు కాస్తే అసలు పేరు దొరకదు, పైన ప్రోగ్రాంల ఫైల్ కాల్స్ అందుకునే వీఎఫ్ఎస్ పొర దగ్గర పట్టుకోవాలి.

నేనైతే కెర్నల్ లోపల జరిగేది చూపే బీపీఎఫ్‌ట్రేస్‌తో వీఎఫ్ఎస్ రైట్ ఫంక్షన్ మీద కేప్రోబ్ (నిఘా) పెట్టి, ప్రోగ్రాం పేరువారీగా బైట్లు కూడతాను. కానీ ఎమ్‌మ్యాప్ (ఫైల్‌ని మెమరీలా వాడటం) రాతలు ఆ దారిన రావు. ఐఓ యూరింగ్ (చదవడం, రాయడం పనులను వరుసలో పెట్టి కెర్నల్‌కి అప్పగించే పద్ధతి) కూడా ఆ ఫంక్షన్‌ని తప్పించుకుని నేరుగా ఫైల్ సిస్టమ్‌ని పిలుస్తుంది. ఎమ్‌మ్యాప్ మార్పులు ఫాట్రేస్‌కీ కనబడవు, దాని కింద ఉన్న ఫ్యానోటిఫై (ఫైళ్ల మీద జరిగేవి తెలిపే కెర్నల్ సదుపాయం) వాటిని చెప్పదు.

ఏదైనా ప్రోగ్రాం మీద అనుమానం ఉంటే ప్రోక్ ఫోల్డర్‌లో దాని ప్రాసెస్ నంబర్ కింద ఉండే ఐఓ ఫైల్ చూడండి. 2007లో వచ్చిన 2.6.20 కెర్నల్ నుంచీ ఉంది, పాపం ఎవరూ తెరవరు. అందులో డబ్ల్యూచార్ (wchar) అంటే రైట్ కాల్స్‌లో వెళ్లిన బైట్లు, పైపులకి (ఒక ప్రోగ్రాం నుంచి ఇంకోదానికి డేటా పంపే దారులు) రాసినవీ అందులోనే. రైట్ బైట్స్ లెక్క పేజీ డర్టీ అయినప్పుడే పడుతుంది, డర్టీ చేసిన ప్రాసెస్ ఖాతాలోనే. అందుకే ఎమ్‌మ్యాప్ దొంగలు కూడా ఇక్కడ దొరుకుతారు.

ప్రశ్న అడిగినవారు:
ఫాట్రేస్‌లోనే దొరికింది, థాంక్సండీ. టెంపరేచర్ సెన్సార్ రీడింగులు ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో దాచే పైథాన్ స్క్రిప్ట్. సెకనుకోసారి ఎస్‌క్యూలైట్ సొంత జర్నల్ ఫైల్ పుడుతోంది, పోతోంది.

జవాబు:
అదే మరి. ప్రతి కమిట్‌కీ ఎఫ్‌సింక్, పైగా ఫైల్ సృష్టించడం, తీసేయడం. అన్నీ జేబీడీ2 నెత్తిన పడతాయి. ఎస్‌క్యూలైట్‌ని వాల్ మోడ్‌కి (మార్పులు ముందు వేరే లాగ్ ఫైల్ చివర చేర్చే పద్ధతి) మార్చి, సింక్రనస్ సెట్టింగ్ నార్మల్‌గా పెట్టండి, రీడింగులు నిమిషానికోసారి కలిపి కమిట్ చేయండి. కరెంటు పోతే చివరి రీడింగులు పోవచ్చు గానీ డేటాబేస్ చెడదు.