మెసేజ్‌లో ఫోటో పంపి "ఇదేంటి డాక్టర్?" అని అడిగితే ఏం చెయ్యాలి?

ప్రశ్న (పిల్లల డాక్టర్):
రెండేళ్లుగా ఇన్‌స్టాగ్రామ్‌లో నిమిషం నిమిషం వీడియోలు పెడుతున్నాను. జ్వరం మందు పిల్లల బరువును బట్టి వెయ్యాలి, ఓఆర్‌ఎస్ పొడిని ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి, ఇలాంటివి. చూసేవాళ్లు పెరిగేకొద్దీ మెసేజ్‌లూ పెరిగాయి.

మొన్న రాత్రి పదకొండున్నరకి ఒక తల్లి ఫోటో పంపింది. ఎనిమిది నెలల పాప, పొట్ట మీద ఎర్రటి మచ్చలు. "చెమటకాయల్లా ఉన్నాయి, కంగారు పడకండి" అని రాసి ఫోన్ పక్కన పెట్టేశాను. పడుకున్నాక తట్టింది, జ్వరం ఉందా అని అడగనే లేదు. గాజు గ్లాసుతో నొక్కితే ఆ ఎరుపు పోతోందో లేదో ఫోటోలో తెలియదు. పోకపోతే చర్మం కింద రక్తం చేరినట్టు. మెనింజైటిస్ (మెదడు చుట్టూ ఉండే పొరల వాపు) తెచ్చే ఒక రకం బ్యాక్టీరియా రక్తంలోకి పాకితే అలాంటి మచ్చలే వస్తాయి, గంటల్లో ప్రాణం మీదికొస్తుంది. లేచి మళ్లీ మెసేజ్ పెట్టాను. జ్వరం ఉందట. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లమన్నాను. వైరల్ జ్వరమని తేలింది, పాప బాగుంది. నాకే ఇంకా గుండె దడ తగ్గలేదు.

మెసేజ్‌లు మూసేస్తే పేరొచ్చాక పలకడం లేదంటారు. తెరిచి ఉంచితే ఇదీ పరిస్థితి. వీడియోలే ఆపేయాలా?

జవాబు 1 (జనరల్ ఫిజీషియన్):
ఆపకండమ్మా. నలుగురికీ చెప్పడం వేరు, ఒకరికి వైద్యం చెయ్యడం వేరు. "కంగారు పడకండి" అన్నారు చూడండి, అక్కడ మీరు ఆ పాపకి డాక్టరయ్యారు, చెయ్యి వేసి చూడకుండానే. ఫోటోకి జబ్బు పేరు చెప్పనని నియమం పెట్టుకోండి. తెలిసిన జబ్బే అయినా సరే.

మీరు అడగకపోయినా ఇంకోటి చెప్పాలి. ఒకసారి ఒక పేషెంటు కథ ఫేస్‌బుక్‌లో రాశాను. పేరు తీసేశాను, అంతే చాలనుకున్నాను. వయసు, అరుదైన జబ్బు, ఆసుపత్రిలో చేరిన వారం మాత్రం అలాగే ఉంచాను. మూడో రోజు ఆమె తమ్ముడు ఫోన్ చేసి, "ఇది మా అక్కే కదండీ" అన్నాడు. తిట్టలేదు. ఆ గొంతు నాకిప్పటికీ వినిపిస్తుంది. విడివిడిగా ఏమీ చెప్పని వివరాలు ఒకచోట చేరితే మనిషిని పట్టిస్తాయని బ్రిటన్‌లో డాక్టర్లకు నియమాలు పెట్టే జనరల్ మెడికల్ కౌన్సిల్ 2013లోనే డాక్టర్లను హెచ్చరించింది. నేను చదివింది ఆ ఫోన్ వచ్చాక.

జవాబు 2 (ఒక అమ్మ):
నేను డాక్టర్ని కాదు. మా బాబుకి తట్టు టీకా వేయించాలంటే ఆటిజం వస్తుందేమోనని భయపడి నెలల తరబడి వాయిదా వేశాను. ఒక డాక్టర్ వీడియో కింద అదే అడిగితే ఎవరెవరో నవ్వారు. ఆవిడ మాత్రం ఓపిగ్గా రాసింది: ఆ భయం 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక వ్యాసంతో మొదలైందని, అందులో ఉన్నది 12 మంది పిల్లలేనని, 2010లో ఆ పత్రికే దాన్ని వెనక్కి తీసుకుందని, తర్వాత లక్షల మంది పిల్లల మీద చూసినా సంబంధమేమీ కనపడలేదని. మర్నాడే టీకా వేయించాను. బాబు సంగతి ఆవిడ ఒక్క ముక్క అడగలేదు, నాకు కావలసింది మాత్రం దొరికింది. మీరు మానేస్తే ఆ చోట్లోకి ఎవరొస్తారో మాకు తెలుసు మేడమ్. పసర్లు అమ్మేవాళ్లు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మెసేజ్ పెట్టగానే దానంతటదే వెళ్లేలా ఈ జవాబు రాశాను, ఎక్కడైనా కటువుగా ఉంటే చెప్పండి:

"మీ కంగారు నాకు అర్థమవుతుంది. ఫోటో చూసి జబ్బు చెబితే పొరపడతాను, అందుకే చెప్పను. మూడు నెలల్లోపు పాపకి 38 డిగ్రీల సెల్సియస్ గానీ అంతకంటే ఎక్కువ గానీ జ్వరం ఉన్నా, ఏ వయసు బిడ్డయినా ఊపిరికి కష్టపడుతున్నా, మూర్ఛ వచ్చినా, లేపితే లేవకపోయినా, పాలు తాగకపోయినా, గాజు గ్లాసుతో నొక్కితే పోని మచ్చలున్నా నా జవాబు కోసం ఆగకండి. ఇప్పుడే బయల్దేరండి."