అప్‌డేట్: మూలాపేట పెంకుటింటి ఫోటోలు, ద్వారబంధం దక్కాయి

నెల్లూరు మూలాపేటలో తాత కట్టిన పెంకుటిల్లు అపార్ట్‌మెంటుకి పోతోంది, అద్దానికి అతుక్కున్న ఫోటోలు, ద్వారబంధం ఎట్లా కాపాడుకోవాలని అడిగాను. దారి చూపిన అందరికీ దండాలు.

ఫోటోల్ని అద్దం మీంచి లాగొద్దు. తేమకి పైనున్న జిలాటిన్ పొర మెత్తబడి అద్దాన్ని పట్టేస్తుంది, లాగితే మొహాలే ఊడొస్తాయి. ఫ్రేము వెనక మేకులు తీసి, అద్దంతో సహా స్కానర్ మీద పెట్టి 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో) తీయాలి.

ద్వారబంధానికే ఎక్కువ ఓపిక కావాలి. కప్పు, పైగోడ దించాకే దాని జోలికి పోవాలి. ముందు తలుపు రెక్కలు తీసి, చట్రానికి రెండు చెక్క బద్దలు ఐమూలగా మేకులతో కొట్టాలి. అవి లేకుండా ఎత్తితే మూలల్లో కుసులు (ఒక చెక్క ఇంకోదాంట్లో దూరే కొనలు) విరుగుతాయి. తర్వాత పక్క ఇటుకల్ని పైనుంచి ఒక్కొక్కటే ఉలితో వదిలించాలి. సున్నం గార గనక తేలిగ్గానే వస్తుంది.

గడప పైన పసుపు పొరలు కట్టి గట్టిగా ఉంది. మట్టిలో ఉన్న అడుగు మాత్రం అంగుళం లోతున చెద తినేసింది. పుచ్చు గీకి, నీడలో ఆరబెట్టి, చెదమందు రెండు పూతలు వేయించాం.

ఇంకొకటి, ఎవరూ చెప్పనిది: పాత ఇంటిపన్ను రసీదులు పారేయొద్దు. పాత డోర్ నంబర్లు వాటిలోనే దొరుకుతాయి. పక్కిళ్ల పెద్దవాళ్లని కూర్చోబెట్టి, ఆ నంబర్లతో ఏ ఇంట్లో ఎవరుండేవాళ్లో వీధి పటం గీయిస్తున్నాం. ఎడమవైపు వరస పూర్తయింది.